తొలి పిస్టల్: కొత్త షూటర్‌కు ఎయిర్ పిస్టల్ ఎంపిక

షూటింగ్ క్రీడలో పిస్టల్ విభాగం ఎంచుకున్నవారు మన దేశంలో సాధారణంగా మొదట చేతపట్టేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. ఇందులో మందుగుండు ఉండదు. కుదించి ఉంచిన గాలి ఒక్కసారిగా విడుదలై 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను గొట్టంలోంచి నెడుతుంది. అరగ్రాము బరువుండే ఆ పెల్లెట్ సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వెళ్లి, లక్ష్యం వరకూ ఉన్న పది మీటర్లను సెకనులో పదిహేనో వంతు కాలంలో దాటేస్తుంది. చెయ్యి ఎగిరిపడదు, చెవులు గింగురుమనవు. ఆయుధం పట్టుకున్న మొదటి రోజున ఎవరికైనా ఉండే జంకు దీనితో త్వరగా తీరుతుంది. ఆ తర్వాత కనిపించే తప్పులన్నీ షూటర్‌వే.

కొనడానికి వెళ్లినవారు ముందుగా అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. నిజానికి అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. స్టైర్ (ఆస్ట్రియా), వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ (జర్మనీ), మోరిని (స్విట్జర్లాండ్), పార్దిని (ఇటలీ) వంటి పేరున్న సంస్థల పోటీ పిస్టళ్లలో దేన్నయినా బిగింపులో పెట్టి కాలిస్తే పెల్లెట్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలోంచి దూసుకుపోతాయి. నేర్చుకునేవారి చేతికి అంత ఖచ్చితత్వం రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి గొట్టం గురించి బెంగ అక్కర్లేదు. చూడాల్సింది అరచేతికి పిడి ఎలా అమరింది, వేలికి ట్రిగ్గర్ ఎలా అందింది, భుజం ఎంత బరువు మోయగలదు అన్నవి.

చట్టం ఏం చెబుతుంది

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండుతో పేలే తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు తప్పనిసరి. దాన్ని పొందడానికి 21 ఏళ్లు నిండాలి. శిక్షణ పొందే చిన్నవారికి మాత్రం నిబంధనలకు లోబడి కొంత వెసులుబాటు ఉంది. 2016 నాటి ఆయుధాల నియమావళి, గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకూ శక్తి 20 జౌళ్లకూ మించని ఎయిర్ ఆయుధాలను లైసెన్సు నుంచి మినహాయించింది. పైన చెప్పిన బరువు, వేగాలతో లెక్క కడితే పోటీ ఎయిర్ పిస్టల్ శక్తి ఆరు జౌళ్లలోపే. బడిపిల్లలు సైతం ఈ క్రీడలోకి రాగలుగుతున్నారంటే ప్రధాన కారణం ఈ మినహాయింపే. అయితే లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన ఇది ఆటబొమ్మ కాదు. ఆరు జౌళ్ల పెల్లెట్ కంట్లో తగిలితే చూపు పోతుంది.

దేశంలో ఈ క్రీడను నడిపించే జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడింది. తొలి లోక్‌సభ స్పీకర్ జి.వి. మావలంకర్ దాని వ్యవస్థాపకులు. జాతీయ పోటీలకు చేరాలంటే దాటాల్సిన అర్హత పోటీ ఇప్పటికీ ఆయన పేరుమీదే జరుగుతోంది. రాష్ట్ర సంఘాలు, జిల్లా క్లబ్బులు, ప్రైవేటు అకాడమీలు దీనికి అనుబంధంగా పనిచేస్తాయి. కొత్తగా వచ్చినవారు మొదట వెళ్లాల్సింది వీటిలో ఏదో ఒకదానికి. క్లబ్బు పిస్టల్‌తో కనీసం మూడు నాలుగు నెలలు సాధన చేశాకే సొంతానికి కొనడం మంచిది. పోటీ పిస్టల్ ధర లక్ష రూపాయలు దాటుతుంది. అంత డబ్బు పెట్టేముందు తన చెయ్యి ఏమి కోరుతోందో తెలిసి ఉండాలి, ఆ తెలివిడి సాధనతోనే వస్తుంది.

పోటీ కొలతలు

పిస్టల్ ఎలా ఉండాలో పోటీ నియమాలే చాలావరకు తేల్చేస్తాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ బరువు 1500 గ్రాములు మించకూడదు. 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు ఉన్న పెట్టెలో అది పట్టాలి. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయాలి. సైట్లు తెరిచినవే ఉండాలి, దుర్భిణి పనికిరాదు. ఒక్క చేత్తోనే కాల్చాలి, మణికట్టుకు ఎలాంటి ఆసరా ఉండకూడదు. కాల్చే చేతికి గడియారం, కడియం వంటివి కూడా తీసేయాలి.

లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. కంటికి కనిపించే నల్లని భాగం మొత్తం 59.5 మిల్లీమీటర్లు. అర్హత రౌండులో 75 నిమిషాల్లో 60 పెల్లెట్లు కాల్చాలి. ఒకప్పుడు మహిళలకు 40 ఉండేవి, 2018 నుంచి ఇద్దరికీ 60. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ 1988 సియోల్ క్రీడల నుంచి ఉంది.

పిడి

ఎంపికలో సగానికి పైగా పని పిడి దగ్గరే ఉంటుంది. ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది.

ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం 330 మిల్లీమీటర్లు అనుకుందాం. ముందు సైటు, వెనక సైటు గాడిలో అర మిల్లీమీటరు పక్కకు ఒరిగితే పది మీటర్ల దూరంలో పెల్లెట్ 15 మిల్లీమీటర్లు పక్కన పడుతుంది. పెల్లెట్ అంచు గీతను తాకినా పై పాయింటే ఇస్తారు కాబట్టి, పది రావాలంటే పెల్లెట్ నడిమి భాగం కేంద్రానికి 8 మిల్లీమీటర్లలోపు ఉంటే చాలు. 15 మిల్లీమీటర్లు అంటే తొమ్మిది, అదీ ఎనిమిదిని ఆనుకుని. దీనికి భిన్నంగా, రెండు సైట్లూ కుదురుగా ఉండి చెయ్యి మొత్తంగా ఐదు మిల్లీమీటర్లు పక్కకు ఊగితే, పెల్లెట్ కూడా ఆ ఐదు మిల్లీమీటర్లే తప్పుతుంది. పది వచ్చేస్తుంది. చెయ్యి ఊగుతోందని కొత్తవాళ్లు కంగారుపడతారు. ఊగడం అంత నష్టం చేయదు. పాయింట్లను తినేది మణికట్టు వంగడం, పిడి చేతిలో తిరగడం. కంటికి కనబడీ కనబడని ఆ అర మిల్లీమీటరు ఒరుగుదలను ఆపగలిగేది అరచేతికి సరిగ్గా అమరిన పిడి ఒక్కటే.

పోటీ పిస్టళ్ల పిడి ఎక్కువగా వాల్‌నట్ కర్రతో, చేతి ఆకారంలో చెక్కి ఉంటుంది. చిన్న, మధ్యరకం, పెద్ద సైజులు, కుడి, ఎడమ చేతులకు వేర్వేరుగా దొరుకుతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే చీలిక పిడి వెనక భాగంలో ఎంత పైకి వీలైతే అంత పైకి ఆనాలి. చిటికెనవేలి వైపు అరచేతి అంచుకు కింద ఒక అర ఉంటుంది, దాన్ని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. అది చేతిని మోయాలి గానీ నొక్కకూడదు. దాన్ని బిగించేసి "గట్టి పట్టు దొరికింది" అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. పావుగంటలో వేళ్లు తిమ్మిరెక్కి, చెయ్యి వణకడం మొదలవుతుంది. చూపుడువేలు పిడి కర్రను ఎక్కడా తాకకుండా గాలిలో స్వేచ్ఛగా ఉండాలి. తాకితే, ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ వేలు పిస్టల్‌నే పక్కకు తోస్తుంది.

పిడి కుదిరిందో లేదో చూడడానికి రేంజుల్లో వాడే పద్ధతి చాలా సులువైంది. ఖాళీ పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని, మామూలుగా కాల్చే ఎత్తుకు చెయ్యి ఎత్తాలి. కళ్లు తెరిచి చూస్తే ముందు సైటు వెనక గాడి మధ్యలోనే నిలిచి ఉండాలి. ప్రతిసారీ ఒకే పక్కకు ఒరిగి కనిపిస్తే లోపం పిడిలో ఉంది. మణికట్టు తిప్పి సరిచేసుకోవచ్చుగా అనిపిస్తుంది. మొదటి పది షాట్లకు సరిచేసుకోవచ్చు కూడా. నలభయ్యో షాటుకు అలసిన మణికట్టు తన దారికి తాను వెళ్లిపోతుంది. పిడిని అవసరమైన చోట గరుకు కాగితంతో అరగదీసి, ఖాళీ ఉన్నచోట కర్ర లప్పంతో నింపి, మెల్లగా మన చేతికి తెచ్చుకోవాలి. ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఒకసారి కొద్దిగా మార్చి, వారం కాల్చి చూసి, మళ్లీ మార్చడమే పద్ధతి. కోస్తా జిల్లాల ఉక్కపోతలో అరచేతులు చెమర్చేవారు నున్నటి పిడి జోలికి పోకుండా, చుక్కచుక్కలుగా గరుకు చేసిన పిడి తీసుకోవాలి.

ఎదిగే పిల్లలకు కొనేటప్పుడు "రేపు పెద్దవాడవుతాడు" అని ఒక సైజు పెద్దది తీసుకోవడం బడి చొక్కాల విషయంలో చెల్లుతుందేమో, పిడి విషయంలో చెల్లదు. వదులు పిడితో నేర్చుకున్న పట్టును తర్వాత మాన్పించడం కోచ్‌కు పెద్ద తలనొప్పి. పిడి విడిగా దొరుకుతుంది, చెయ్యి ఎదిగాక మార్చుకోవచ్చు. కాబట్టి విడి పిడులు తేలికగా దొరికే మోడల్ తీసుకోవాలి.

ఏ చేత్తో కాల్చాలన్నది కూడా పిడి కొనేముందే తేలాలి. కుడిచేతివాటం ఉన్నవారిలో కొందరికి ఎడమకన్ను బలంగా ఉంటుంది. దూరంగా ఉన్న వస్తువు వైపు వేలు చూపించి, ఒక్కో కన్నూ మూసి చూస్తే ఏ కన్ను బలమైందో తెలిసిపోతుంది. చెయ్యి ఒక వైపు, కన్ను మరో వైపు అయినా పిస్టల్ షూటింగుకు పెద్ద ఇబ్బంది లేదు, తల కొద్దిగా తిప్పితే సరిపోతుంది. హంగరీ షూటర్ కారోలీ తకాచ్ కుడిచెయ్యి 1938లో గ్రెనేడ్ పేలి పాడైపోయింది. ఆయన ఎడమచేత్తో మొదటి నుంచి నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచారు. చేతివాటం మార్చుకోవడం సాధ్యమేనని చెప్పడానికి ఆయన పేరు తలుస్తారు. అయితే కొత్తవారికి తమ సహజమైన చెయ్యే మేలు.

ట్రిగ్గర్

పోటీ పిస్టల్ ట్రిగ్గర్ రెండు అంచెల్లో కదులుతుంది. మొదటి అంచెలో వేలు కొంత దూరం తేలిగ్గా వెళ్లి ఒకచోట ఆగుతుంది. అక్కడి నుంచి మరికాస్త ఒత్తితే షాటు వెళుతుంది. 500 గ్రాముల మొత్తంలో ఎక్కువ భాగం మొదటి అంచెకే ఇచ్చి, రెండోదానికి కొంతే మిగల్చడం మామూలు అమరిక. కొత్తవారికి రెండో అంచె మరీ తేలికగా ఉంటే, అనుకోకుండా షాట్లు వెళ్లిపోయి భయం పట్టుకుంటుంది. ఆ భయం వల్ల ఆగే చోటుకు వేలు తీసుకెళ్లడమే మానేస్తారు. అందుకని మొదట్లో రెండో అంచె కాస్త బరువుగానే ఉండనివ్వాలి. పోటీకి ముందు తనిఖీలో పిస్టల్‌ను నిలువుగా పట్టి ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం వేలాడదీస్తారు. సరిగ్గా అంతకే బిగించినవారు ఒక్కోసారి అక్కడే ఆగిపోతారు, పది ఇరవై గ్రాములు ఎక్కువ పెట్టుకోవడం క్షేమం.

ట్రిగ్గర్ ఆకును ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరిపే వీలుండాలి. చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం దానిపై పడి, లాగుడు నేరుగా వెనక్కి రావాలి. చిన్నచేతుల వారు పెద్ద పిస్టల్ తీసుకుంటే వేలి కొసతో లాగాల్సివస్తుంది, షాట్లు పక్కకు పోతాయి.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లు చాలా స్పష్టంగా తెగుతాయి. తొలి పిస్టల్‌కు యాంత్రిక ట్రిగ్గర్ చాలని నా అభిప్రాయం. తెరిచి చూస్తే పనితీరు అర్థమవుతుంది, దగ్గర్లోని మెకానిక్ కూడా బాగుచేయగలడు. ఏ రకమైనా విడిభాగాలు మన దేశంలో దొరుకుతాయా లేదా అన్నది తప్పక విచారించాలి. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్ అర్హత రౌండులో మను భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకుని తిరిగివచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 పాయింట్లు సాధించినా రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ తప్పిపోయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలిచారు, వ్యక్తిగత విభాగంలో ఒకటి, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిశ్రమ జట్టు విభాగంలో ఒకటి.

బరువు, సైట్లు

పెద్దల పోటీ పిస్టళ్లు ఎక్కువగా 900 గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి. లీటరు నీళ్ల సీసా పట్టుకుని చెయ్యి చాచి నిలబడితే ఆ భారం ఎలాంటిదో తెలుస్తుంది. 60 షాట్లంటే 60 సార్లు ఎత్తడమే కాదు. కుదరక దించి మళ్లీ ఎత్తేవీ, గురి సరిచూసుకునే షాట్లూ కలిపితే వంద దాటుతాయి. పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు పొట్టి గొట్టం, చిన్న సిలిండర్ ఉన్న తేలిక మోడళ్లు ఉన్నాయి, వాటినే తీసుకోవాలి. బరువు ఎక్కువైతే పిల్లలు నడుము వెనక్కి వంచి భుజాన్ని ఎత్తేస్తారు, ఆ వంపు వెన్నుకు మంచిది కాదు.

సైట్ల విషయంలో వెనక గాడి వెడల్పు మార్చుకునే వీలుంటే చాలు. నల్లటి సైటును నల్లటి వలయం నడుమ నిలిపితే రెండూ కలిసిపోయి ఏదీ కనిపించదు కనుక, వలయం కింద ఉన్న తెల్లని భాగంలో సైటు నిలపడం నేర్పుతారు. కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. ముందు సైటు స్పష్టంగా, లక్ష్యం మసకగా కనిపించాలి. నలభై దాటాక ఈ క్రీడ మొదలుపెట్టినవారు మామూలు చదువుకునే కళ్లద్దాలతో కాల్చకుండా, ముందు సైటు దూరానికి సరిపడే అద్దం రాయించుకోవాలి.

ఉపకరణాలకు డబ్బు పోయనక్కర్లేదు. రైఫిల్ షూటర్లలా మందపాటి కోటు వేసుకోవాల్సిన పని పిస్టల్‌కు లేదు. పారిస్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ దికెచ్ మామూలు కళ్లద్దాలతో, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని మిశ్రమ జట్టు రజతం గెలిచినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది. జేబులో చెయ్యి పెట్టుకోవడం మాత్రం పిస్టల్ షూటర్లు చాలామంది చేసేదే, శరీరం కదలకుండా ఉంటుందని. చీలమండను కప్పని, అడుగు పలచగా ఉన్న బూట్లు, మంచి పెల్లెట్లు ఉంటే మొదటి ఏడాది గడిచిపోతుంది.

గాలి ఎక్కడి నుంచి

పాత రోజుల్లో స్ప్రింగు పిస్టళ్లు ఉండేవి. 1965లో వచ్చిన ఫైన్‌వెర్క్‌బావ్ 65 వాటిలో పేరు మోసింది. స్ప్రింగు కుదుపు షూటర్ చేతికి తెలియకుండా చేసిన దాని ఏర్పాటు ఇప్పటికీ మెచ్చుకోదగ్గది. తర్వాత బొగ్గుపులుసు వాయువు పిస్టళ్లు వచ్చాయి, ఎండాకాలం వేడికి వాటి పీడనం మారిపోయేది. ఇప్పుడు పోటీల్లో కనిపించేవన్నీ దాదాపు 200 బార్ల పీడనంతో గాలి నింపిన సిలిండర్లవే. ప్రతి షాటుకూ ఒకసారి మీట తోసి గాలి కుదించే రకం కూడా ఉంది. రష్యా తయారీ ఇజ్ 46 ఎం వంటివి ఎన్నో క్లబ్బుల్లో తరాల షూటర్లను తయారుచేశాయి. సిలిండర్ బాధ లేదు, ధర తక్కువ. కానీ ప్రతిసారీ మీట తోయడంతో చెయ్యి అలసిపోతుంది, పిల్లలకు మరీను.

సినిమా తుపాకులను పోలి, ఉక్కు గుళ్లు కాల్చే చవక ఎయిర్ పిస్టళ్లు బజారులో కనిపిస్తాయి. వాటితో ఈ క్రీడ నేర్చుకోలేరు. నలుగురిలో బయటికి తీస్తే అసలు తుపాకీ అనుకుని ప్రమాదం ముంచుకొస్తుంది.

వాడిన పిస్టల్ కొనడం తప్పేం కాదు, తెలివైన పని కూడా. సిలిండర్‌పై ముద్రించిన తేదీ చూడాలి. తయారైన నాటి నుంచి పదేళ్లు దాటిన సిలిండర్‌ను వాడకూడదని తయారీదారులు చెబుతారు, పోటీల్లో కూడా గడువు దాటినదాన్ని ఒప్పుకోరు. గాలి నింపి రాత్రంతా ఉంచి, పొద్దున పీడనం తగ్గిందేమో చూస్తే లోపలి వాషర్ల సంగతి బయటపడుతుంది.

ఇంట్లో

కాల్చని సమయంలో పిస్టల్ తాళం పెట్టెలో, పెల్లెట్లు వేరేచోట ఉండాలి. గొట్టంలో పెల్లెట్ లేదని తెలిపే రంగు తీగ ఎప్పుడూ దూర్చి ఉంచాలి. పెల్లెట్లు సీసం కనుక సాధన కాగానే సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు. పెల్లెట్ లేకుండా తెల్లగోడకు ఎదురుగా నిలబడి ట్రిగ్గర్ సాధన చేయడానికి పోటీ పిస్టళ్లలో ప్రత్యేక అమరిక ఉంటుంది. కొనేముందు అది ఉందో లేదో చూడాలి, ఎందుకంటే మొదటి ఏడాది నేర్చుకునేదంతా చాలావరకు ఆ గోడ ముందే.

హైదరాబాదీ గగన్ నారంగ్‌కు 1997లో తండ్రి కొనిచ్చింది ఎయిర్ పిస్టలే. బేగంపేటలోని ఇంటి పెరట్లో ఆయన సాధన మొదలైంది. ఆపై రైఫిల్‌కు మారి 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచారు. తొలి ఆయుధమే జీవితాంతం ఉండాలని లేదు, ఏ విభాగం తనకు సరిపోతుందో తేల్చుకోవడానికి కూడా అది పనికొస్తుంది.

.22 వైపు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి పరిస్థితి వేరు. అక్కడ లైసెన్సున్న దుకాణం నుంచి పిస్టల్ కొనడానికి 21 ఏళ్లుండాలి, అమ్మేవారు తాళం వంటి భద్రతా సాధనం కూడా ఇవ్వాలని 2005 నాటి చట్టం చెబుతోంది. కొత్తవారికి శిక్షకులు ఎక్కువగా సూచించేది .22 తూటా పిస్టల్. 1949లో మొదలైన రూగర్ .22 పిస్టళ్ల వరుస ఇలా ఎందరికో తొలి ఆయుధమైంది. కుదుపు తక్కువ, తూటా చవక. పెద్ద తూటాతో మొదలుపెట్టినవారికి షాటుకు ముందే కళ్లు మూసుకుని చెయ్యి బిగించే అలవాటు పట్టుకుంటుంది, అది వదలడం చాలా కష్టం.

మన దేశంలో .22 పిస్టల్ రెండో మెట్టు. లైసెన్సు, దిగుమతి అనుమతి, సంఘం సిఫారసు అన్నీ కావాలి కనుక ఎయిర్ పిస్టల్‌లో స్కోర్లు నిలకడపడ్డాక దాని గురించి ఆలోచిస్తారు. 25 మీటర్ల పోటీల్లో వాడే ఈ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు, అంటే ఎయిర్ పిస్టల్‌కు రెట్టింపు. పెల్లెట్ లేకుండా ఎయిర్ పిస్టల్‌తో చేసినట్టు దీనితో ఖాళీగా ట్రిగ్గర్ లాగుతూ పోకూడదు, పిన్ను గొట్టం అంచుకు కొట్టుకుని పాడవుతుంది. డమ్మీ తూటా పెట్టుకోవాలి. ఎయిర్ పిస్టల్‌కు కుదిరిన పిడి ఆకారాన్నే దీనికీ చేయించుకుంటే చెయ్యి కొత్త పాఠం నేర్చుకోనక్కర్లేదు. రెండింటినీ పక్కపక్కనే సాధన చేసే షూటర్లు చాలామంది. 2018 జాతీయ పోటీల్లో పదమూడేళ్ల వయసులో ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచిన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చారు. 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, జట్టు రజతం.